కరెంటు పెడితే నొప్పి పోతుందా?

అత్తకు నడుం నొప్పి. ఇవాళ్టిది కాదు. పదేళ్ల నాటిది.

పన్నెండో ఏట నుంచి నాట్లు వేస్తోంది. ఇప్పుడు యాభై రెండేళ్లు. పొద్దున్నే మడిలో దిగితే వంగిన నడుం వంగినట్టే ఉంటుంది. సాయంత్రం గట్టు ఎక్కాక కాసేపటిదాకా నిటారుగా నిలబడలేదు. "వయసు మీద పడుతోంది, అంతే" అనుకునేది.

ఈ ఏడు నాట్లకు నాలుగు రోజులు పోయింది. ఐదో రోజు మంచం మీంచి లేవలేకపోయింది. ఊళ్లో ఆర్.ఎం.పి. సూది వేశాడు. బిళ్లలు ఇచ్చాడు. బిళ్ల వేసుకుంటే నొప్పి తగ్గేది. మానేస్తే మళ్లీ వచ్చేది. రెండు నెలలు అలాగే మింగింది. కడుపులో మంట మొదలైంది.

కోడలు ఇదంతా చూస్తూనే ఉంది. కోడలు కూడా నాట్లకు పోతుంది. అత్త మూలిగినప్పుడల్లా తన నడుం తడుముకునేది.

ఒక రోజు ఊళ్లోకి ఆటో వచ్చింది. మైకులో చెబుతున్నారు. "కరెంటు వైద్యం! మందు లేదు, సూది లేదు, ఆపరేషన్ లేదు. పది రోజులు ఉచితం!" పాత పంచాయతీ గదిలో కుర్చీలు వేశారు. చాలామంది ఆడవాళ్లు పోయారు. అత్త కూడా పోయింది.

నడుముకు రెండు పక్కలా నల్లటి ప్యాడ్లు అంటించారు. వాటికి సన్నటి తీగలు. తీగల చివర సెల్‌ఫోనంత పెట్టె. మీట తిప్పారు. ఒంటి మీద చీమలు పాకినట్టు జివజివలాడింది. అరగంట తరవాత అత్త లేచి నిలబడింది. నొప్పి లేదు!

నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. పంపు దగ్గర బిందె కూడా ఎత్తుకుంది. కోడలు నోరు తెరిచి చూసింది.

చీకటి పడేసరికి నొప్పి మళ్లీ వచ్చింది.

నాలుగు రోజులు ఇదే వరస. ఐదో రోజు మిషన్లు అమ్మే అతను అన్నాడు. "చూశావా పెద్దమ్మా ఎంత తేడానో! రోజూ పెట్టుకుంటే మూడు నెలల్లో నొప్పి వేళ్లతో సహా పోతుంది. మిషన్ ఆరున్నర వేలు. డబ్బు లేకపోతే సంఘంలో అప్పు తీసుకో." ఒక కాగితం చేతిలో పెట్టాడు.

అత్తకు చదువు కొత్తగా వచ్చింది. అరుగు మీద కూర్చుని వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. 'నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి, పక్షవాతం, షుగరు, గ్యాసు, నిద్ర పట్టకపోవడం. అన్నీ మాయం.'

"ఇన్ని రోగాలకు ఒకటే మిషనా అత్తా?" అంది కోడలు.

"నాకు తగ్గింది కదే!" అంది అత్త.

కోడలి అనుమానం సరైనదే. అత్తకు తగ్గిందన్నదీ నిజమే. చిక్కంతా అక్కడే ఉంది.

మర్నాడు ఇద్దరూ బస్సెక్కి టౌనులో ఏరియా ఆసుపత్రికి వెళ్లారు.

ఆసుపత్రిలో

ముందు డాక్టరు చూశాడు. చాలా ప్రశ్నలు అడిగాడు. "ఎక్కడైనా పడ్డారా? జ్వరం వస్తోందా? ఒళ్లు తగ్గిపోయారా? రాత్రి పడుకున్నా నొప్పి తగ్గదా? కాలు బలం తగ్గిందా? కూర్చునే చోట తిమ్మిరి ఉందా? ఒంటికీ రెంటికీ అదుపు తప్పుతోందా?"

అన్నిటికీ అత్త లేదనే చెప్పింది. చివరి ప్రశ్నకు మాత్రం సిగ్గుపడింది. కానీ ఆ ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. నడుం నొప్పితోపాటు ఒంటికీ రెంటికీ అదుపు తప్పితే, కాళ్లు చచ్చుబడుతుంటే ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. రోజులు గడిపితే కాళ్లు తిరిగి రాకపోవచ్చు. జ్వరం, ఒళ్లు తగ్గడం ఉంటే వెన్నెముకకు టీబీ పట్టిందేమో చూడాలి. ఇలాంటి వాటిని కరెంటు మిషను నయం చేయలేదు. పైగా నొప్పి కాసేపు తగ్గుతుంది కాబట్టి, లోపలి జబ్బు బయటపడకుండా దాగిపోతుంది.

డాక్టరు అత్త మింగుతున్న బిళ్లల అట్ట చూశాడు. అది డైక్లోఫెనాక్. "నెలల తరబడి ఇది మింగితే కడుపులో పుండ్లు పడతాయి. కిడ్నీలు కూడా దెబ్బతింటాయి. ఇవాళ్టి నుంచి ఆపండి" అన్నాడు. కడుపు మంటకు మందు రాసి, ఫిజియోథెరపీ గదికి పంపాడు. ఫిజియోథెరపీ అంటే కసరత్తు, మర్దన, వేడి కాపడం, కరెంటు లాంటి వాటితో చేసే వైద్యం.

గదిలో ఒక మేడం ఉంది. చిన్న వయసే. బల్ల మీద ఒక పెట్టె ఉంది. అత్త గుర్తుపట్టింది.

"ఇదే! మా ఊళ్లో పెట్టింది ఇదే!"

"అవునమ్మా. దీన్ని టెన్స్ అంటారు" అంది మేడం. "మీకు తగ్గిందంటే నేను నమ్ముతాను. ఎందుకు తగ్గిందో చెప్తాను. ఎందుకు మళ్లీ వచ్చిందో కూడా చెప్తాను. కూర్చోండి."

దెబ్బ తగిలితే ఎందుకు రుద్దుతాం?

"పిల్లవాడు పడి మోకాలు కొట్టుకుంటే మీరేం చేస్తారు?" అని అడిగింది మేడం.

"దగ్గరికి తీసుకుని రుద్దుతాం" అంది కోడలు.

"రుద్దితే ఏడుపు తగ్గుతుంది కదా. ఎందుకు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరతరాలుగా అందరూ చేసే పనే. ఎందుకని ఎవరూ అడగలేదు.

మేడం చెప్పింది. మన ఒంట్లో కబుర్లు మోసే నరాలు ఉంటాయి. ఊళ్లో రక్తం పోయే గొట్టాలను కూడా నరాలే అంటారు. ఇవి అవి కావు. ఇవి టెలిఫోను తీగల్లాంటివి. కొన్ని లావుగా ఉంటాయి. తాకిడి కబురు వాటిలో వేగంగా పోతుంది. కొన్ని సన్నగా ఉంటాయి. నొప్పి కబురు వాటిలో నిదానంగా పోతుంది. అన్నీ వెన్నులో ఉండే వెన్నుపాము దగ్గరికి చేరతాయి. అక్కడి నుంచి మెదడుకు పోతాయి. మెదడుకు చేరాకే మనకు నొప్పి తెలుస్తుంది.

"వెన్నుపాములో ఒక తలుపు ఉందనుకోండి. లావు నరాల నుంచి తాకిడి కబుర్లు గుంపుగా వస్తే ఆ తలుపు సగం మూసుకుంటుంది. సన్న నరం తెచ్చిన నొప్పి కబురు లోపలికి సరిగ్గా పోదు."

కోడలు వెంటనే అంది. "మా సంఘం మీటింగులో లాగా! ముందు కూర్చున్న నలుగురూ ఒకేసారి మాట్లాడితే వెనకున్న ఆమె గోడు ఎవరికీ వినపడదు."

"అంతే! ఆమె గోడు అలాగే ఉంది. వినపడలేదంతే" అంది మేడం.

ఈ తలుపు సంగతిని 1965లో ఇద్దరు పరిశోధకులు చెప్పారు. ఒకరు కెనడాకు చెందిన రొనాల్డ్ మెల్జాక్. ఇంకొకరు ఇంగ్లండుకు చెందిన పాట్రిక్ వాల్. రెండేళ్లకు, 1967లో వాల్, విలియం స్వీట్ అనే డాక్టరు కలిసి దీన్ని పరీక్షించారు. నరానికి సన్నగా కరెంటు పెట్టి చూశారు. ముందు తమ మీదే పెట్టుకున్నారు. తరవాత ఎన్నాళ్లుగానో నొప్పితో బాధపడుతున్న 8 మందికి పెట్టారు. రెండు నిమిషాలు పెడితే వాళ్లలో నలుగురికి అరగంటకు పైగా నొప్పి తగ్గింది. ఆ తరవాత తలుపు లెక్కలో కొన్ని మార్పులు చేశారు. అసలు సంగతి మాత్రం నిలిచింది.

అదే 1967లో అమెరికాలో నార్మన్ షీలీ అనే డాక్టరు ఆపరేషన్ చేసి వెన్నుపాము దగ్గర కరెంటు తీగ పెట్టాడు. ఆ ఆపరేషన్ ఎవరికి పనికొస్తుందో తెలుసుకోవడానికి ముందు చర్మం మీద కరెంటు పెట్టి చూసేవారు. కొందరికి దాంతోనే నొప్పి తగ్గింది. చర్మం మీద పెట్టే చిన్న పెట్టెలు అలా వాడుకలోకి వచ్చాయి.

"కరెంటు ఇంకో పని కూడా చేస్తుంది. నిదానంగా, గట్టిగా కొట్టేలా పెడితే, నొప్పిని తగ్గించే మందును శరీరమే కొంచెం తయారు చేసుకుంటుంది" అంది మేడం.

తిమ్మిరి చేప

అసలు కరెంటుతో నొప్పి తగ్గించడం కరెంటు కనిపెట్టక ముందే ఉంది. వింటే నవ్వొస్తుంది. దాదాపు 2 వేల ఏళ్ల కిందట రోములో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు ఉండేవాడు. సముద్రంలో ఒక రకం చేప ఉంటుంది. దాన్ని తాకితే షాకు కొడుతుంది. పాదం నొప్పితో వచ్చిన రోగిని ఆ వైద్యుడు సముద్రం ఒడ్డున తడి ఇసుకలో నిలబెట్టేవాడు. పాదం కింద బతికున్న ఆ చేపను పెట్టేవాడు. మోకాలిదాకా తిమ్మిరెక్కేవరకూ అలాగే నిలబడాలి.

ఆ జాతి చేపలు మన తీరంలో కూడా ఉన్నాయి. పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు విశాఖపట్నంలో దొరికిన చేపల బొమ్మలతో 1803లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. అందులో ఈ చేపకు అక్కడి పేరే రాశాడు. ఆ పేరు 'తిమిరి'. తాకితే తిమ్మిరెక్కే చేపకు తగిన పేరే.

"నిన్న నాకు కూడా కాసేపు తిమ్మిరెక్కినట్టే ఉంది" అంది అత్త.

ఎంతసేపు?

"మరి మూడు నెలల్లో వేళ్లతో సహా పోతుందని చెప్పాడే?" అని అడిగింది అత్త.

మేడం తల అడ్డంగా ఊపింది.

"కరెంటు పెట్టినంతసేపు తలుపు మూసుకుంటుంది. తీశాక కాసేపు అలా ఉంటుంది. తరవాత తెరుచుకుంటుంది. మీ నడుములో అరిగింది అతుక్కోదు. బిగిసిన కండ దానంతట అది బలం పుంజుకోదు. ఇక షుగరు, పక్షవాతం సంగతి! కాగితం మీద ఏమైనా రాసుకోవచ్చు. నొప్పి కబురును కాసేపు ఆపే మిషను రక్తంలో చక్కెరను ఏం చేస్తుంది?"

టెన్స్ మీద ప్రపంచంలో చాలా పరిశోధనలు జరిగాయి. 2022లో 381 పరిశోధనలను ఒకచోట పెట్టి లెక్క చూశారు. కరెంటు పెట్టినప్పుడు, తీసిన వెంటనే నొప్పి తగ్గుతుందని తేలింది. పెద్ద ప్రమాదాలేవీ కనిపించలేదు. అయితే ఏళ్ల తరబడి ఉండే నడుం నొప్పికి దీన్ని మామూలు వైద్యంగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. నడుం నొప్పికి ఇది ఇవ్వవద్దని ఇంగ్లండులో కూడా 2016లోనే డాక్టర్లకు చెప్పారు. నొప్పి ఎలా వస్తుందో రోగికి అర్థమయ్యేలా చెప్పడం, కసరత్తు చేయించడం, చేయదగిన పనుల్లో ఇవి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

"నెలసరి కడుపు నొప్పికి మాత్రం టెన్స్ కొంత పనిచేస్తుందని పరిశోధనల్లో కనిపించింది" అని మేడం కోడలితో అంది.

"మరి మీ బల్ల మీద ఎందుకు పెట్టుకున్నారు?" కోడలు సూటిగానే అడిగింది.

మేడం నవ్వింది. "నొప్పి ఉంటే మనిషి కదలడు. కదలకపోతే కండలు బలం తగ్గుతాయి. బలం తగ్గితే నొప్పి ఇంకా పెరుగుతుంది. కొందరు నొప్పికి భయపడి కాలు కూడా ఎత్తరు. అలాంటి వాళ్లకు దీన్ని పెట్టి, నొప్పి తగ్గిన ఆ కాసేపట్లో కసరత్తు నేర్పుతాను. వారం పది రోజులకు పెట్టె తీసేస్తాను. కసరత్తు ఇంట్లో చేసుకుంటారు. అమ్మా, నిన్న నొప్పి తగ్గాక మీరేం చేశారు?"

"బిందె ఎత్తుకున్నా" అంది అత్త.

"చూశారా! నొప్పి వినపడలేదని బరువెత్తారు. రాత్రికి వడ్డీతో సహా వచ్చింది."

ఎవరు పెట్టుకోకూడదు?

మేడం ఉన్నట్టుండి ఒక ప్రశ్న వేసింది. "మీ ఊళ్లో కూర్చోబెట్టే ముందు ఏమైనా అడిగారా? గుండె జబ్బు ఉందా, కడుపుతో ఉన్నారా, మూర్ఛ ఉందా అని?"

"లేదు. వరసగా కూర్చోబెట్టారు. పేరు రాసుకున్నారు. ఫోన్ నంబరు రాసుకున్నారు."

మేడం మొహం మారింది. గుండె సరిగ్గా కొట్టుకోని కొందరికి డాక్టర్లు ఛాతీ చర్మం కింద చిన్న మిషను పెడతారు. దాన్ని పేస్‌మేకర్ అంటారు. గుండె తనంతట తాను కొట్టుకుంటోందా లేదా అని అది కనిపెడుతూ ఉంటుంది. కొట్టుకోకపోతే తాను కరెంటు ఇచ్చి కొట్టిస్తుంది. బయటి నుంచి టెన్స్ కరెంటు వస్తే అది మోసపోవచ్చు. గుండె కొట్టుకుంటోందనుకుని ఊరుకోవచ్చు. ఊరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

అత్త, కోడలు ఒక్కసారిగా ఒకే మాట అన్నారు. "వదిన!" "పెద్దమ్మ!"

ఎదురింటావిడ అత్తకు వరసకు వదిన. రెండేళ్ల కిందట ఆమె గుండెకు మిషన్ పెట్టారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అత్తకు తగ్గిందని విని, ఇవాళ మధ్యాహ్నం తానూ పోయి కూర్చుంటానంది.

కోడలు వెంటనే ఇంట్లో ఉన్న పెద్దపిల్లకు ఫోన్ చేసింది. "పుస్తకం పక్కన పెట్టు. ఎదురింటికి పరిగెత్తు. అవ్వను పంచాయతీ గదికి పోవద్దని చెప్పు. పోయి ఉంటే అక్కడికే పోయి లేవదీయి." ఫోన్ పట్టుకునే కూర్చుంది. ఎంతసేపటికో పిల్ల ఫోన్ చేసింది. అవ్వ చెప్పులు వేసుకుని గుమ్మంలో ఉందట. ఆపేసిందట.

అత్త చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

మేడం మిగిలినవి కూడా చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్లు పొట్టకూ నడుముకూ పెట్టుకోకూడదు. మూర్ఛ వచ్చేవాళ్లు, కేన్సరు ఉన్నవాళ్లు డాక్టరును అడగనిదే ముట్టుకోకూడదు. ఎవరైనా సరే మెడకు ముందు వైపున, కంటి దగ్గర, ఛాతీ మీద పెట్టుకోకూడదు. పుండు మీద, స్పర్శ లేని చోట పెట్టకూడదు. షుగరు ఉన్నవాళ్లలో కొందరికి పాదాల్లో స్పర్శ ఉండదు. కరెంటు ఎక్కువైనా తెలియదు, చర్మం కాలుతుంది. పెట్టుకుని నిద్రపోకూడదు. స్నానం చేయకూడదు.

"పెట్టెలో బ్యాటరీ ఉంటుంది. సెకనులో పది లక్షల ముక్కలుంటే, ఒక్కో తాకిడి అందులో రెండు వందల ముక్కలంత సేపే. అలాంటివి సెకనుకు ఎనభయ్యో వందో వస్తాయి. అందుకే చీమలు పాకినట్టు ఉంటుంది. ఇంటి కరెంటు 230 వోల్టులు. అది వేరు. తీగలు తెచ్చి ప్లగ్గులో పెట్టి ఎవరైనా వైద్యం చేస్తామంటే దగ్గరికి కూడా పోవద్దు. చచ్చిపోతారు." ఈ మాట మేడం రెండుసార్లు చెప్పింది.

నడుముకు కసరత్తు

ఆ రోజు మేడం అత్తకు అరగంట టెన్స్ పెట్టింది. నొప్పి తగ్గగానే చాప మీద పడుకోబెట్టింది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పిరుదులు మెల్లగా పైకెత్తి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించాలి. ఒక్కో మోకాలినీ చేతులతో గుండెల దగ్గరికి తెచ్చుకోవాలి. పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు. రోజూ కాసేపు నడవాలి. మొదట పది నిమిషాలు, తరవాత పెంచుకుంటూ పోవాలి. నొప్పి కొంచెం ఉన్నా మంచం పట్టకూడదు.

"వంగి చేసే పని మానేయమంటే మీరు మానలేరు. నాకు తెలుసు. అరగంటకొకసారి లేచి నిలబడండి. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని మెల్లగా వెనక్కి వంగండి. ఐదారుసార్లు. ఒక్క నిమిషం పని" అంది మేడం.

ఆసుపత్రిలో ఈ మాట వినడానికి తేలిగ్గానే ఉంది. మడిలో అంత తేలిక కాదు. నాట్లు గుత్తకు పట్టుకుంటారు. ఎకరాకు ఇంత అని. ఒకామె లేచి నిలబడితే ఆమె పక్క వెనకబడుతుంది. మిగతావాళ్లు విసుక్కుంటారు. అరగంటకొక నిమిషం ఎవరి కూలిలోంచి పోవాలి?

శనివారం సంఘం మీటింగులో అత్త ఈ సంగతే పెట్టింది. ముందు మిషను కాగితం బయటికి తీసి అందరికీ చదివి వినిపించింది. ఇప్పుడు కొంచెం వేగంగానే చదివింది. మిషను కొనడానికి ముగ్గురు అప్పు అడిగి ఉన్నారు. ఇద్దరు వెనక్కి తీసుకున్నారు. మూడో ఆమె ముందు ఆసుపత్రిలో చూపించుకుని వచ్చాక చెబుతానంది. ఎదురింటి వదిన ఏమీ మాట్లాడలేదు. అత్త పక్కన వచ్చి కూర్చుంది.

నిలబడే నిమిషం గురించి చాలాసేపు వాదన జరిగింది. "రైతు ఊరుకోడు" అంది ఒకామె. "గుత్త మనది. రైతుకేం పోయింది?" అంది ఇంకొకామె. చివరికి కోడలే దారి చెప్పింది. ఒక్కరు లేస్తే ఒక్కరే వెనకబడతారు. అందరూ ఒకేసారి లేస్తే ఎవరూ వెనకబడరు.

దాళ్వా నాట్లలో అలాగే చేశారు. మొదటి రోజు మరిచిపోయారు. రెండో రోజు కోడలు గుర్తు చేసింది. మునుంలో ఉన్న పద్నాలుగు మందీ బురద చేతులు నడుం మీద పెట్టుకుని వెనక్కి వంగారు. గట్టు మీద ఉన్న రైతు "ఏంటమ్మా ఇది, డ్రిల్లా?" అన్నాడు. అందరూ నవ్వారు. మళ్లీ వంగి నారు అందుకున్నారు.

అత్తకు నొప్పి పూర్తిగా పోలేదు. మబ్బు పట్టిన రోజున ఇంకా పట్టేస్తుంది. బిళ్లలు మాత్రం మానేసింది. నాట్లు మొదలై ఆరు రోజులైంది. ఆరో రోజు కూడా పొద్దున్నే లేచి, చాప పరిచి, మోకాళ్లు మడిచి, అంకెలు లెక్కపెట్టుకుంటూ పడుకుని ఉంది. కోడలు పక్కన రెండో చాప పరిచింది.